కవికి అరువిచ్చిన ముఖం

నేను వేసిన బొమ్మల్లో జనం దండం పెట్టింది ఒక్కదానికే. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో మాట. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ గుమాస్తాని, కరోల్ బాగ్‌లో మేడ మీద అద్దె గది. బొమ్మలు వేస్తానని తెలిసి మా తెలుగువాళ్ల సంఘం అధ్యక్షుడు ఒక ఆదివారం కబురు పెట్టాడు. ఆయన మా ఆఫీసులోనే పెద్ద ఆఫీసరు.

"బెంగాలీవాళ్ల హాలు చూశారా? గోడ నిండా వాళ్ల కవులే. మన గోడకి బ్యాంకు క్యాలెండరు! మనకసలు కవులే లేరనుకుంటున్నారండీ మన పిల్లలు" అన్నాడు. నిజమే, ఆ పిల్లలు కన్నతల్లితో కూడా హిందీలోనే మాట్లాడేవాళ్లు.

ఆయన కోరింది వందల ఏళ్ల కిందటి కవిని. పద్యాలున్నాయి సరే, మనిషి ఎలా ఉండేవాడో ఎవడు చూశాడు? పాఠ్యపుస్తకాల్లో మనం చూసి పెరిగినవన్నీ ఎవరో చిత్రకారుడు ఊహించి వేసిన ముఖాలే. నాకేమో ఊహలోంచి ముఖం రాదు, ఎదురుగా మనిషి కూర్చోవాలి.

అప్పట్లో ఢిల్లీ అంతా తవ్వకాలే. మా వీధి చివర కడుతున్న బిల్డింగులో పాలమూరు కూలీలు పనిచేసేవారు. వాళ్లలో ఒకడు ఇటుకలు మోస్తూ పద్యాలు పాడేవాడు. చదువు లేదు. ఊళ్లో నాటకాల్లో వేషం కట్టి నేర్చుకున్నాడట. ఆ గొంతు విని కిందికి దిగి వెళ్లి చూశాను. ఎండకి మాడిన ముఖం, విశాలమైన నుదురు, లోతు కళ్లు. నాకు కావలసిన కవి అక్కడే ఉన్నాడు!

"నా మొకమా సారూ? జనం నవ్వుతరు" అన్నాడు. సిగ్గుపడుతూనే వచ్చి మూడు ఆదివారాలు కదలకుండా కూర్చున్నాడు. ఎప్పుడైనా ఫొటో తీయించుకున్నావా అని అడిగితే, "యాడ సారూ" అని నవ్వేశాడు.

ఆవిష్కరణ రోజు పిల్లలు చెప్పులు విప్పి మరీ దండాలు పెట్టారు. ఒక పెద్దాయన, "ఆ కళ్లలోనే ఉందండీ మన భాష" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. నా బుద్ధి గడ్డి తిని ఆ పాలమూరు మనిషిని కూడా రమ్మన్నాను. ఉతికిన చొక్కా వేసుకొచ్చి వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఒక చిన్నపిల్ల అటూ ఇటూ చూసి, "మమ్మీ, వో అంకుల్ తో యహీఁ ఖడే హైఁ!" అని అరిచింది, బొమ్మలో అంకుల్ ఇక్కడే నిలబడ్డాడని. హాలంతా వెనక్కి తిరిగింది.

మర్నాడు ఆఫీసులో అధ్యక్షుడు నన్ను పిలిచి తలుపు వేశాడు.

"ఇటుకలు మోసేవాడికి దండం పెట్టించావటయ్యా మా చేత!" అని, తన తండ్రిగారి ఫొటో నా చేతిలో పెట్టాడు. "పండితుడంటే ఇలా ఉండాలి. మార్చెయ్."

ఎదురు చెప్పానా? నా మొహం! ఉద్యోగానికి భయపడ్డాను. ముఖం వరకూ బ్లేడుతో గీకేసి, బుగ్గలు నింపి, రంగు తేల్చి, ఆ ఫొటోలో ఉన్న ముఖాన్ని శ్రద్ధగా దించాను. ముందుగా వేసుకున్న స్కెచ్చు కూడా లేదు, కాన్వాసు మీదే గీశాను మరి. తర్వాతి సభలో ఆ పెద్దాయనే కొత్త ముఖాన్ని చూసి మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

ఆరు నెలలకి ఆ బిల్డింగులో స్లాబు కింద కట్టిన సెంట్రింగు కూలిపోయి ఆ పాలమూరు మనిషి చచ్చిపోయాడు. ఊరి నుంచి భార్య వచ్చేసరికి దహనం కూడా చేసేశారు. చంటివాణ్ణి చంకనేసుకుని మేస్త్రీ వెంట నా గదికి వచ్చింది.

"ఆకరి సూపు గూడ దొరకలే సారూ. మీరు బొమ్మ గీసిన్రని మేస్త్రీ చెప్పిండు. ఒక్కపారి సూపియ్యిండ్రి."

హాలుకి తీసుకెళ్లాను. ఏ ముఖం పెట్టుకుని తీసుకెళ్లానో నాకే తెలియదు. తలెత్తి చాలాసేపు చూసింది.

"గీయనెవలు సారూ?"

చేసిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మల్ల గియ్యిండ్రి" అంది.

అక్కడే నేల మీద కూర్చుని పెన్సిలు తీశాను. ఎన్ని కాగితాలు మార్చినా నా చేతికి అధ్యక్షుడి తండ్రే వస్తున్నాడు. "కండ్లు గిట్ల గావు సారూ" అంటుంది. చెరిపి గీస్తే, "ముక్కు గూడ గిట్ల గాదు" అంటుంది. మూడు ఆదివారాలు ఎదురుగా కూర్చోబెట్టుకున్న మనిషి నాకు గుర్తు రావడం లేదు. పెన్సిలు పారేసి ఏడ్చాను.

ఆమె ఆఖరి కాగితాన్ని తీసుకుని జాగ్రత్తగా చుట్టింది.

"గిదే ఇయ్యిండ్రి సారూ. చిన్నోడు ఆయన్ని సూడనే లేదు. గీయనే మీ నాయిన అంటే మొక్కుతడు."