పెదవి మీద తల్లి

మట్టెవాడ సందుల్లో సుకన్య ఇల్లెక్కడ అని అడిగితే తడుముకునేవాళ్లు కూడా సుకన్య పార్లర్ అంటే వెంటనే చెయ్యెత్తి చూపిస్తారు. వర్ధన్నపేట నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో ముందు గదిలోనే ఒక అద్దం, ఒక కుర్చీ వేసుకుని మొదలుపెట్టింది. దారం పళ్ల మధ్య పట్టుకుని, తల ముందుకూ వెనక్కూ ఊపుతూ కనుబొమ్మలు తీసీ తీసీ ముందు పన్ను అంచున సన్నటి గాడి పడింది. ఏదైనా ఆలోచనలో పడితే ఆ గాడిని నాలుకతో తడుముకోవడం ఆమెకు అలవాటు. పెళ్లికూతుళ్లు, వాళ్ల తల్లులు, పరీక్షలైపోయిన ఆడపిల్లలు, బుర్ఖా తీసి కొక్కేనికి తగిలించి కుర్చీలో వాలిపోయే షహనాజ్ బేగం, అందరూ ఆమె చేతికి ముఖం అప్పగించి హాయిగా కళ్లు మూసుకునేవాళ్లే.

అంత మంచి చేయి ఒకనాడు సూది పట్టింది. ఎందుకమ్మా అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే.

మెయిన్ రోడ్డు మీద కొత్త పార్లర్లు లేచాయి. అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి, బయట బోర్డు మీద ఉబ్బిన పెదవుల బొమ్మ. చిన్నప్పటి నుంచి సుకన్య దగ్గర జుట్టు కత్తిరించుకున్న పిల్లలు కూడా "అక్కా, నువ్వు లిప్స్ చెయ్యవా?" అని అడిగి, చెయ్యనంటే అటే పోయేవాళ్లు. అలా పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. సుకన్యకూ మండింది. హైదరాబాదులో ఒక్కరోజు క్లాసు ఉందని తెలిసి పొద్దుటి బండికి పోయి, రబ్బరు పెదవుల మీద సూది గుచ్చడం నేర్చుకుని, ఒక సర్టిఫికెట్టూ, ఆ క్లాసు చెప్పిన మేడమే అమ్మిన, పెదవుల్లోకి ఎక్కించే జెల్ డబ్బాలూ పట్టుకుని సాయంత్రానికి ఇంట్లో ఉంది. జాగ్రత్తల ముచ్చట భోజనాలకు ముందు వచ్చింది. జెల్ పొరపాటున రక్తం పారే నరంలోకి పోతే ఏమవుతుందో మేడం గబగబా చెబుతుంటే వెనక కూర్చున్నవాళ్లు చేతులు కడుక్కోవడానికి లేచారు. వాళ్లతో పాటు సుకన్యా లేచింది.

ఆమె మొదటి గిరాకీ కావ్య.

కావ్యది ధర్మసాగర్. అమ్మానాన్నలు అక్కడే కూలీకి పోతారు. ఈ పిల్ల మాత్రం పక్క సందులో నాయనమ్మ మొగిలమ్మ దగ్గర ఉండి చీరల షాపులో పని చేస్తుంది. షాపు ఫోను ముందు నిలబడి, చీర భుజాన వేసుకుని, కొంగు పరిచి చూపిస్తూ లైవులో అమ్మడం ఆమె పని. ఎవరేం కామెంటు పెట్టినా బయటికి చదివి జవాబు చెప్పాలి. ఒకరోజు అలాగే హుషారుగా చదువుతూ, "అక్కా, చీర మంచిగుంది, నీ పెదవులు ఏడున్నయ్?" అని తన నోటితోనే చదివేసింది. వెనక చీరలు మడతపెడుతున్న పిల్లలు నవ్వారు. ఆ రోజంతా కావ్య పెదవులు బిగించుకునే మాట్లాడింది. తరువాత సుకన్య దగ్గరికి వచ్చి, "ఎవలికి చెప్పకక్కా, నాయినమ్మకైతే అసలే వద్దు," అంది.

సుకన్య పెదవుల మీద పెన్సిలుతో చుక్కలు పెట్టింది, ఫొటో తీసుకుంది, మొద్దుబార్చే క్రీము రాసింది, సూది దించింది. పై పెదవి ఎడమ పక్క దించేటప్పుడు అక్కడ కాసేపు తెల్లగా పాలిపోయింది. సుకన్య అది చూసింది. చూసి, క్రీము వల్ల అయ్యుంటుందిలే అనుకుంది. కావ్య మండుతోందంటే ఐస్ ముక్క గుడ్డలో చుట్టి ఇచ్చింది. "జర వాపు ఉంటది చెల్లె, ఫికర్ చెయ్యకు. ఐస్ వెట్టుకుంట ఉండు." ఈ మాట ధైర్యంగానే అంది. ఆ రాత్రి నిద్ర కూడా బాగానే పట్టింది.

పొద్దున కావ్య దగ్గర నుంచి ఫోనుకు ఫొటో వచ్చింది. అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టిన సుకన్య, ఆ పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా కదల్లేదు. పై పెదవి ఎడమ సగం నీలంగా ఉంది. అక్కడి నుంచి ముక్కు పక్క దాకా చర్మం మీద వల పరిచినట్టు ఊదారంగు గీతలు. ఆ గీతల మీద తెల్లటి చిన్న చిన్న పొక్కులు. కింద కావ్య రాసింది: "నాయినమ్మ తల్లి వోసింది అంటాంది అక్కా. నేను ఏం చెప్పలే. షాపుకు గూడ అదే చెప్పిన. ఐస్ పెడ్తనే ఉన్న."

తల్లి పోయడమంటే ఈ పక్క తెలియనివాళ్లు లేరు. ఒంటి మీద పొక్కులు లేస్తే పోచమ్మ తల్లి వచ్చినట్టే లెక్క. ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారు. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. ఇంట్లో పోపు వేయరు. సూదీ మందూ అంటే తల్లికి కోపం వస్తుందని దవాఖాన పేరే ఎత్తరు. తగ్గి తలకు నీళ్లు పోసేదాకా వేపాకు, పసుపు, ఓపిక, అంతే.

దాచి ఏం లాభం, సుకన్యకు మొదట కలిగింది భయం కాదు. ప్రాణం లేచి వచ్చింది. తల్లి మీదికి పోయింది కదా నేరం, ఇంకెవరు అడుగుతారు నన్ను అనుకుంది. భర్త శేఖర్ ఆటో తీయబోతూ ఫొటో చూసి అదే మాట అన్నాడు. "వాళ్లే తల్లి అంటాన్రు గద. నువ్వు ఊకో. నాలుగు రోజులైతే అదే తగ్గుతది."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే తల్లి ఇష్టం. నువ్వు నడుమ వోయి పార్లర్ మూసుకుంటవా?"

అతను వెళ్లిపోయాక సుకన్య కుర్చీలో కూర్చుంది. పన్ను మీద గాడిని నాలుకతో తడుముతూనే ఉంది. క్లాసులో చేతులు కడుక్కోవడానికి లేస్తూ సగం విన్న మాట ఇప్పుడు తిరిగి చెవిలో పడింది. వేలితో నొక్కి వదలండి, రంగు తిరిగి రాకపోతే ఆగొద్దు. ఆగితే ఏమవుతుందో మాత్రం ఆమె వినలేదు. ఫోనులో వెతికింది. రక్తం అందని పెదవి నల్లబడి, పుండై, ముక్క ఊడిపోయిన ఫొటోలు వచ్చాయి. ఐస్ పెట్టకూడదని, పెడితే నరం ఇంకా ముడుచుకుంటుందని ఎవరో డాక్టరు చెబుతున్నాడు. తను చెప్పిందని ఆ పిల్ల రాత్రంతా ఐస్ పెట్టుకుంది. ఐస్ తీసెయ్ అని ఒక మెసేజ్ కొట్టి, జెల్ డబ్బా సంచిలో వేసుకుని చెప్పులేసుకుంది.

మొగిలమ్మ గడపలోనే కూర్చుని ఉంది. తలుపుకు రెండు పక్కలా పచ్చి వేపమండలు. లోపల నుంచి పసుపు నీళ్ల వాసన.

"ఆన్నే ఆగు బిడ్డా. తల్లి ఉన్నది ఇంట్ల."

"అవ్వా, ఒక్కసారి కావ్యను చూస్త."

"చూసుడు లేదు. నీళ్లు వోసినంక రా."

సుకన్య వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది. ఇది నిజం. ఆ ముసలామె వద్దన్నాక తన తప్పేముంది, అడిగాను కదా, అనుకుంది కూడా. కానీ ఆ నీలం రంగు కళ్ల ముందు నుంచి పోతే కదా. వెనక్కి వచ్చి గడప ముందు నిలబడింది.

"అవ్వా, అది తల్లి కాదు. కావ్య పెదవికి నేనే సూది ఇచ్చిన."

మొగిలమ్మ విననట్టే చూసింది. తరువాత ముఖం ఎర్రబడింది. "తల్లి పేరు మీద అబద్ధమాడకు పొల్లా. కళ్లు వోతయ్."

"అబద్ధం కాదవ్వా. పెదవులు లావు చేయమంటె చేసిన. సూది నరంల దిగింది. ఇప్పుడు దవాఖానకు తోల్కపోకుంటె పెదవి కుళ్లిపోతది."

మొగిలమ్మ లోపలికి తిరిగి, "ఏం పిల్లా, నిజమేనా?" అని అడిగింది.

లోపల కావ్య మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "నాకేం తెల్వదు నాయినమ్మా. అక్క ఏమంటాందో నాకు తెల్వదు," అంది.

నీ పెదవి కోసమే కదా వచ్చింది అని సుకన్యకు కోపం రాలేదు. ఆ పిల్ల భయం తెలియనిదా. పార్లర్ పోతుందని పొద్దున తనూ అలాగే తల్లి చాటున దాక్కోబోయింది. ఫోను తీసి, నిన్న సూదికి ముందు తీసిన ఫొటో మొగిలమ్మ ముందు పెట్టింది. పార్లర్ కుర్చీలో కావ్య, పెదవుల మీద పెన్సిలు చుక్కలు, పక్కనే తన చేతిలో సూది.

ముసలామె ఆ ఫొటోను కంటి దగ్గరికి తీసుకుని చూసింది. లేచింది. చెంబులో పసుపు నీళ్లు తెచ్చి వేపమండ ముందు పోసి, "నాది తప్పు తల్లీ, నీ మీద వెట్టిన," అని దండం పెట్టింది. సుకన్య వైపు చూడకుండానే అంది, "ఆటో పిలువు."

శేఖర్‌కే ఫోను చేయాల్సి వచ్చింది. అతను హనుమకొండలో చర్మం డాక్టరమ్మ దవాఖాన దాకా తోలాడు. దారిలో కావ్య ఏడవలేదు. ఏడిస్తే పెదవి లాగుతుందట.

డాక్టరమ్మ వేలితో పెదవిని నొక్కి వదిలింది. నొక్కిన చోటు తెల్లగా అలాగే ఉండిపోయింది. సుకన్య చూస్తోంది. రంగు రాలేదు.

"నిన్ననే ఎందుకు రాలేదు? ఐస్ ఎవరు పెట్టమన్నారు?"

"నేనే మేడం."

"నువ్వెవరు?"

"సూది ఇచ్చింది నేనే."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేదేమో. "దేంతో నింపావు? డబ్బా ఉందా?" అంది. సుకన్య సంచిలోంచి తీసి ఇచ్చింది. డాక్టరమ్మ డబ్బాను తిప్పి తిప్పి చదివింది. "ఈ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. కరిగే జెల్ అని రాసుంది. నిజంగా అదే అయితే కరిగించే మందు నా దగ్గరుంది. లోపల సిలికాన్ లాంటిది ఉంటే మాత్రం ఏ మందూ పని చేయదు. ఏదన్నది మందు వేసి చూస్తేనే తెలుస్తుంది."

డబ్బా కొన్నప్పుడు సుకన్య మూత రంగు బాగుందని చూసిందే తప్ప లోపలేముందో అడగలేదు. డాక్టరమ్మ పెదవి చుట్టూ మందు వేసింది, వేడి గుడ్డ పెట్టి మర్దన చేసింది, ఆగింది, మళ్లీ వేసింది. మొగిలమ్మ బెంచీ మీద కూర్చుని పోచమ్మనే తలుచుకుంటోంది. సుకన్య గోడకు ఆనుకుని నిలబడింది. కరిగే రకమే కావాలి, కరిగే రకమే కావాలి అని లోపల అదొక్కటే నడుస్తోంది.

చాలాసేపటికి డాక్టరమ్మ మళ్లీ నొక్కి వదిలింది. తెల్లటి చోటు నిదానంగా, అంచుల నుంచి లోపలికి, గులాబీ రంగుకు తిరిగింది. కావ్య మూలిగింది. ఆ మూలుగు వినేసరికి సుకన్యకు ఏడుపు ఆగలేదు.

"సంతోషం అప్పుడే వద్దు," అంది డాక్టరమ్మ. "రేపు మళ్లీ రావాలి. ఈ మూల కొంచెం చచ్చిపోయింది, అక్కడ మచ్చ పడుతుంది. ఇదే జెల్ పై నరాల్లోకి ఎక్కి కంటి దాకా పోయుంటే చూపే పోయేది."

కావ్య గుడ్డ అడ్డం పెట్టుకుని మెల్లగా అడిగింది. "మేడం, మీ దగ్గర చేయించుకుంటే ఇట్ల కాకపోవునా?"

మొగిలమ్మ తల పట్టుకుంది. డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "నా దగ్గరా ప్రమాదం ఉంటుందమ్మా. కాకపోతే ఏదన్నా అయితే కరిగించే మందు చేతిలో ఉంటుంది, ఎప్పుడు వెయ్యాలో తెలుసు. అది లేని చోట సూది ముట్టుకోకూడదు. పెదవి కొంచెం నిండుగా కనపడాలంటే లిప్ పెన్సిల్ ఉంది, రాత్రికి తుడుచుకుంటే పోతుంది. ఇవేవీ లేకుండా కూడా నీ పెదవులు పెదవుల్లానే ఉన్నాయి."

కావ్య మళ్లీ లైవులో నిలబడేసరికి పై పెదవి ఎడమ మూలన బియ్యపు గింజంత మచ్చ మిగిలింది. దాన్ని లిప్‌స్టిక్‌తో కప్పుకోవడం నేర్చుకుంది. సుకన్యతో మాట్లాడటం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. సుకన్య మిగిలిన జెల్ డబ్బాలు డాక్టరమ్మకే ఇచ్చేసింది. గోడ మీది సర్టిఫికెట్టు తీసేసింది. ఇంతటితో అయిపోయిందిలే అనుకుంది.

ఒక పొద్దున షట్టర్ ఎత్తేసరికి మొగిలమ్మ పచ్చి వేపమండలు పట్టుకుని నిలబడి ఉంది. పార్లర్ తలుపుకు ఒక పక్కన ఒకటి, ఇంకో పక్కన ఒకటి కట్టింది. ముడులు గట్టిగా వేసింది.

"ఇదేందవ్వా?"

"పొక్కులు నా ఇంట్ల లేసినయ్ గని, తల్లి వోసింది నీ దుకాణంల. ఎండి రాలిపోయేదాంక ఉండనియ్," అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

సుకన్య వాటిని తీసేయొచ్చు. ఒక్క గుంజు చాలు. చెయ్యి పైకెత్తింది కూడా. అప్పుడే కనుబొమ్మలు తీయించుకోవడానికి వచ్చిన షహనాజ్ బేగం మండలు చూసి మెట్టు మీదే ఆగిపోయింది. ఈ సందుల్లో పుట్టి పెరిగినావిడకు ఆ వేపాకు సంగతి చెప్పనక్కర్లేదు.

"ఎవలికి వోసింది సుకన్యా?"

సుకన్య ఎత్తిన చెయ్యి దించింది.

"నాకే అక్కా," అంది.