తల అడుగున ఉంటుందా?

పూతరేకుల పని పాపాయికి పద్దెనిమిదేళ్లుగా అన్నం పెడుతోంది, బదులుగా కళ్లు తీసుకుంటోంది. ఆత్రేయపురంలో ఆమె చేతి రేకుని వెలుతురుకి పట్టి చూస్తే అవతలి మనిషి మొహం కనబడుతుంది. ఆ మొహాలే ఇప్పుడామెకు మసకేస్తున్నాయి. పొగకి దూరంగా ఉండకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పేశాడు. చెప్పడానికేం! కుండ బోర్లించి రేకులు తీసే ఆ పొయ్యి దగ్గర కూర్చోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

అంగన్‌వాడీలో పని దొరికితే బయటపడొచ్చు. దానికి పదో తరగతి కావాలి. ఓపెన్ స్కూల్లో మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి గానీ లెక్కలు రెండుసార్లు ముంచాయి. ఇది మూడోసారి.

ఆదివారం చర్చి నుంచి నేరుగా క్లాసుకొచ్చే రాజరత్నం మాస్టారు బోర్డు మీద y = (x − 3)² + 2 అని రాసి, గిన్నెలాంటి గీత గీశారు.

"శీర్షం ఎక్కడుందో చూపించమ్మా."

పాపాయి గీత పైకొసల్ని చూపించింది. క్లాసంతా నవ్వింది.

"శీర్షమంటే తలే కదండీ? తల అడుగున ఉంటుందేంటండీ?"

మాస్టారికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. "పేరు సంగతి వదిలెయ్యమ్మా. గీత మళ్లే చోటు శీర్షం. x మూడైతే బ్రాకెట్టు సున్నా అవుతుంది, రెండే మిగులుతుంది. వర్గం సున్నాకన్నా తగ్గదు కాబట్టి ఇంతకన్నా కిందికి పోదు. ఇక్కణ్నించి ఎటు జరిగినా పైకే. బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే గీత బోర్లా పడుతుంది, అంతే."

పాపాయి తలూపింది. తలూపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

మర్నాడు రేకులు తీయడం అయ్యాక, పగులిచ్చిన కుండని పొయ్యి మీంచి దించి నేల మీద వెల్లకిలా పెట్టింది. రోజూ పిండిలో ముంచిన గుడ్డ పరిచే దాని నడినెత్తి మట్టిలో కూర్చుంది. కుండ అదే, చోటూ అదే. బోర్లిస్తే నెత్తి, తిప్పితే అడుగు. ఇన్నేళ్లూ బోర్లించిన కుండనే చూసింది, అందుకే శీర్షం పైనే ఉండాలనుకుంది. ఇంత చిన్న సంగతికా రెండుసార్లు తప్పానని ఆమెకి ఏడుపొచ్చింది.

పరీక్షలో y = −(x − 4)² + 7 ఇచ్చారు. ముందు మైనస్. అంటే బోర్లించిన కుండ. శీర్షం (4, 7) అని రాసి, పక్కన చిన్న కుండ బొమ్మ వేసి, సిగ్గేసి కొట్టేసింది.

ఫలితాలొచ్చిన రోజు మాస్టారే ఫోన్ చేశారు. "ముప్పై ఎనిమిదమ్మా. పాసయ్యావు." అంగన్‌వాడీ పోస్టు ఎప్పుడు పడుతుందో మాత్రం ఆయనకీ తెలీదు.

పాపాయి మంట ఆర్పేసింది. వేడి చల్లారాక కుండని వెల్లకిలా తిప్పి వాకిట్లో పెట్టి, పక్కనే చతికిలబడింది.

"అదేంటే, పిండి రుబ్బిపెట్టుకుని కుండ తీసేశావు?" అంది అత్త సూరమ్మ.

"ఈ ఒక్క పూట ఇలా ఉండనివ్వండి అత్తయ్యా. రేపు మళ్లీ నేనే బోర్లిస్తాను."