వాడి వంతు

మధ్యాహ్నం 2:10కి బస్సు మమ్మల్ని ఎడారిలో దించింది. 2010 ఆగస్టు. కాలిఫోర్నియాలో సైన్యం శిక్షణ కేంద్రం. 46 డిగ్రీల ఎండ. నీడ బస్సు కింద తప్ప ఎక్కడా లేదు. మనిషికి రెండు కిట్ బ్యాగులు, ఒక హెల్మెట్, ఆరు లీటర్ల నీళ్ళు. బండ్ల బాధ్యత చూసే మోటార్ సార్జెంట్ మమ్మల్ని వరుసలో నిలబెట్టి ఒక్క మాట చెప్పాడు: "దాహం వేశాక తాగితే ఆలస్యమైనట్టే. తాగుతూ ఉండండి."

నేను మాస్టర్స్ చేయడానికి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అమెరికా వచ్చి, తర్వాత సైన్యంలో చేరినవాణ్ణి. మెకానిక్‌ని. యుద్ధానికి వెళ్ళబోయే దళాలు అక్కడ సాధన చేసేవి. వాళ్ళ బండ్లు ఇసుకలో చచ్చిపడితే లాక్కొచ్చి బతికించడం మా పని. నిద్ర లేవడం 4:30కి, బండ్ల తనిఖీ 5:15కి. తొమ్మిది నెలలు అదే వరస.

మా రేడియో ఆపరేటర్ అమెరికాలోనే, కమ్మింగ్ అనే ఊళ్ళో పెరిగిన తెలుగువాడు. మొదటి వారమే రేడియోలో నన్ను పిలిచాడు: "రికవరీ టూ, అన్నా, వాటర్ ఉందా? ఓవర్." వెంటనే సార్జెంట్ గొంతు: "రేడియో నెట్ మీద ఇంగ్లీష్! మీ ఇంటి కబుర్లు బ్యారక్‌లో చెప్పుకోండి."

స్పేర్ పార్టుల కౌంటర్లో ఒక పెద్దాయన ఉండేవాడు. అరవై దాటిన మాజీ సైనికుడు, అప్పటికి సివిలియన్ ఉద్యోగి. మేమిద్దరం ఆయన్ని చాటుగా తాత అనేవాళ్ళం. ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి అడిగాడు: "కార్బురేటర్ విప్పడం వచ్చా? మీ వయసు వాళ్ళకి బండికి కంప్యూటర్ తగిలించడమే వచ్చు."

వచ్చన్నాను. పాత స్కూటర్ల మీద తిరిగిన చెయ్యి నాది.

అలా ఆయన ఇంటి వెనక షెడ్డు చూశాను. క్యాంపుకి పన్నెండు మైళ్ళు. లోపల 1969 నాటి కారు. ముదురు ఆకుపచ్చ, రెండు తలుపులు, బారెడు ముక్కు, దాని కింద పెద్ద వి-8 ఇంజన్. ఆ ఇంజన్‌తో, ఆ నాలుగు గేర్లతో తయారైనవి బహు కొద్ది. తాత యుద్ధం నుంచి తిరిగొచ్చిన నెలలోనే, తన ట్యాంకులో ఫిరంగి పేల్చే గన్నర్‌గా ఉన్న స్నేహితుడితో కలిసి షోరూంలో కొన్నాడట. ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి ఉంది. కొంటామని ఫోన్ చేసిన వాళ్ళందరినీ తిట్టి పంపాడు.

"వాళ్ళు దీన్ని అద్దాల గదిలో పెడతారు. నువ్వు నడిపించు, నీకే అమ్ముతాను. ఒక్కటే ఆర్డర్. పని చెయ్యని భాగాన్నే ముట్టుకో. మిగతాది ముట్టుకోకు."

అంతగా దేన్నీ కోరుకోలేదు నేను జీవితంలో. ప్రతి ఆదివారం ఏడింటికల్లా షెడ్డులో ఉండేవాణ్ణి. ఇంధనం ట్యాంకు దించి తుప్పు కడిగాను. కార్బురేటర్ రెండుసార్లు విప్పాను. రేడియో ఆపరేటర్ టార్చ్ పట్టేవాడు.

"అన్నా, ఏసీ లేదు, కప్ హోల్డర్ లేదు. వై?"

"నోరు మూసుకుని లైట్ ఇటు పట్టు."

ఏప్రిల్ మొదటి ఆదివారం 11:20కి ఇంజన్ అందుకుంది. షెడ్డు రేకులు అదిరిపోయాయి. తాత గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇక బ్రేకులే మిగిలాయి. వచ్చే వారం కాగితాలు రాసుకుందాం అన్నాడు.

ఫ్రీమాంట్‌లో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను. "పూజ చెయ్యకుండా బండి బయటికి తీయకురా. ముందు శుభ్రంగా కడుగు. మట్టి మీద బొట్టు పెడతావా ఏంటి?" అని పసుపు, కుంకుమ పార్సెల్ పంపింది.

కాగితాలు రాసుకోవాల్సిన ఆదివారం, రేడియో ఆపరేటర్‌తో కలిసి తాత రాకముందే వెళ్ళాను. సైన్యం నేర్పిన తనిఖీ, ఇల్లు నేర్పిన పూజ, రెండూ కలిసి నా కొంప ముంచాయి. ఇంజన్ కడిగాను. బానెట్ లోపలి వైపు పసుపు రంగు క్రేయాన్ గీతలు కనిపించాయి. ఏ మెకానిక్కో గీకి వదిలేశాడనుకున్నాను. గ్రీజు వదిలించే ద్రావణం చల్లి, గుడ్డతో ఒక్కటీ మిగలకుండా తుడిచాను. బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తాత రాగానే గర్వంగా బానెట్ ఎత్తాను.

ఆయన బొట్లు చూడలేదు. "గీతలేవి?"

"తుడిచేశాను సార్."

టూల్ బాక్స్ మీద కూర్చుండిపోయాడు. బానెట్ వైపు చూస్తూ చెప్పాడు. "ఒక వారం నాది, ఒక వారం మా గన్నర్‌ది. నడిపినవాడు గీత గియ్యాలి. ఎడమవైపు నావి పంతొమ్మిది, కుడివైపు వాడివి పద్దెనిమిది. వాడు మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు. రాలేదు. అప్పట్నుంచీ వాడి వంతే నడుస్తోంది." లేచి బానెట్ దించాడు. "బండి అమ్మను. వెళ్ళు."

దారిలో రేడియో ఆపరేటర్ అన్నాడు: "నీకు తెలీదు కదా అన్నా. నాట్ యువర్ ఫాల్ట్."

"ముట్టుకోకు అన్నాడు రా. ఆర్డర్ అది."

సిగ్గుతో రెండు రోజులు అన్నం సయించలేదు. పోయిన గీతలు తేలేను. బండి నడిపిస్తానని ఇచ్చిన మాట మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది. తర్వాతి ఆదివారం ఏడింటికి షెడ్డు ముందు నిలబడ్డాను.

"బండి అమ్మనని చెప్పాను," అన్నాడు తాత.

"కొనడానికి రాలేదు. బ్రేకులు మిగిలాయి."

ఆయన షెడ్డు తలుపు తీసి, తను ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మూడు ఆదివారాలు ఒక్కణ్ణే పనిచేశాను. నాలుగోది నా చివరి ఆదివారం. ఉదయం ఆరింటికి తాతే క్యాంపు గేటు దగ్గరికి ట్రక్కులో వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. షెడ్డులో తాళంచెవి నా చేతిలో పెట్టి, తను పక్క సీట్లో కూర్చున్నాడు.

"వాడి తరఫున నువ్వు నడుపు."

ఇరవై రెండు మైళ్ళు నడిపాను. బండి అమ్మమని నేను అడగలేదు. మర్నాడు బస్సెక్కాను.

ఇప్పుడు ఫ్రీమాంట్‌లో రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్తున్నాను. అక్క వాళ్ళింటికి వచ్చే పిల్లలు అడుగుతుంటారు: "అంకుల్, ఆర్మీలో ఏం చూశావ్?" నాకు గుర్తొచ్చేది ఒక్కటే. ఆ చివరి ఆదివారం షెడ్డుకి తిరిగొచ్చాక తాత బానెట్ ఎత్తాడు. నేను తుడిచేసిన ఆ ఇనుము మీద, కుడివైపు, పెదాలు కదుపుతూ వేలితో వరసగా పద్దెనిమిది చోట్ల తాకాడు. ఆ పక్కన పొడి వేలితో ఒక గీత గీశాడు. అక్కడ ఏమీ పడలేదు. బానెట్ మూసి, డ్రైవర్ సీట్లో కూర్చుని, "ఇప్పుడు నా వంతు" అన్నాడు.