బావ మిషన్‌కి ఎండ లెక్క

తుపాను దాటిన మర్నాడు, సోమవారం, మధ్యాహ్నం మూడుంపావుకి మా అప్ప ఇంటికి చేరాను. అప్ప అంటే మా పెద్దక్క. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. పొద్దున్న గరివిడిలో బయల్దేరాను. ఊరికి నాలుగు కిలోమీటర్ల ముందు కల్వర్టు కొట్టుకుపోయింది. అక్కణ్ణించి నడక. దారి పొడుగునా సరుగుడు చెట్లు పడున్నాయి. సన్న జల్లు. నా సామాను పాత ఆర్మీ రెయిన్‌కోటు, టార్చి, అటుకుల సంచి.

ఇరవై రెండేళ్లు మిలట్రీలో ఉన్నాను. మంచుకొండల్లో డ్యూటీ చేశాను. దాని గురించి అందరూ అడుగుతారు. ఈ డ్యూటీ గురించి ఎవరూ అడగలేదు. రాయడం నాకు ముసలితనంలో వచ్చింది. పొడుగు రాయను.

బావకి ఊపిరితిత్తులు పోయాయి. నలభై ఏళ్లు సముద్రం మీద వేటకెళ్లిన మనిషి. గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్ మంచం పక్కనే. ముక్కులో గొట్టం. అది రాత్రీ పగలూ నడవాలి. మిషన్ లేకుండా మనిషిని కదపొద్దని డాక్టరుగారు ముందే చెప్పారు. ఇంట్లో ఉన్న ఒక్క సిలిండరు తుపాను రాత్రే అయిపోయింది. కరెంటు స్తంభాలు నేల మీద ఉన్నాయి.

మిగిలింది మేడ మీద సోలార్ పలకలు, మెట్ల కింద బ్యాటరీ. బ్యాటరీ నిండితే మిషన్ పద్నాలుగు గంటలు నడుస్తుంది. సాయంత్రం అయిదు నుంచి పొద్దున్న ఏడు దాకా. ఏడుకి మళ్లీ ఎండ అందుకుంటుంది. అయిదుకి నిండుతుందో లేదో పొద్దున్నే తెలియాలి. ఫ్యాను వెయ్యాలన్నా, మోటారు వెయ్యాలన్నా ఆ మాట మీదే.

మామూలు రోజుల్లో ఆ లెక్క మా మేనకోడలు ఫోన్‌లో చూసేది. రేపు ఎండ ఎంత, ఎన్ని యూనిట్లు వస్తాయి, అన్నీ అందులో ఉండేవి. ఇప్పుడు టవరు లేదు. పని పంచుకున్నాం. నేను మేడ మీద మబ్బు చూస్తాను. మేనకోడలు ఇన్వర్టరు దగ్గర నిన్నటి అంకెలతో పోలుస్తుంది. బావ మంచం మీంచి గాలి సంగతి చెబుతాడు. అప్ప మెట్ల దగ్గర నిలబడి పై మాట కిందకీ, కింద మాట పైకీ అందిస్తుంది.

మంగళవారం, ఆరున్నర.

"పైన ఏటి కనపడతన్నాది?" అప్ప అరిచింది.

"ఉత్తరాన నల్లగున్నాది. తూరుపు తెరిపిచ్చింది."

"గాలెటని అడగతన్నాడు మీ బావ."

"దక్షిణం నించి. సన్నం."

పది గంటలకి మబ్బు విడిపోతుందని బావ అన్నాడు. పదీ పదికి విడిపోయింది. సాయంత్రానికి బ్యాటరీ నిండింది. బావ దగ్గుతూనే నవ్వాడు.

"సూసేవేట్రా బావమరిదీ? నీ మిలట్రీలో నాలాటోడున్నాడేటి?"

"ఉన్నాడు. ఆడు ముక్కులో గొట్టం లేకండా సెప్పీవోడు."

"ఒసే, నీ తమ్ముడికి రేపు అన్నం తగ్గించీయే," అన్నాడు అప్పతో.

బుధవారం ఆకాశంలో మచ్చ లేదు. మధ్యాహ్నం రెండుకే బ్యాటరీ నిండుతుందన్నాను. మేనకోడలి అంకెలు అదే చెప్పాయి. బావ కూడా అదే అన్నాడు.

ఊరి నూతుల్లో సముద్రం నీళ్లు చేరాయి. మంచినీళ్ల బోరు అప్ప పెరట్లోనే ఉంది. వీధి వీధంతా బిందెలతో వచ్చి నిలబడింది. మోటారు వేస్తే బ్యాటరీలో మిగిలింది తాగేస్తుంది. అప్ప వద్దంది.

"నా ఊపిరి కోసం ఈదంతా ఉప్పునీలు తాగాలేటే?" అన్నాడు బావ. "ఎండ కాస్తాదని ముగ్గురం సెప్పేం కదా. మోటరెయ్యండి."

తొమ్మిదికి వేశాం. పన్నెండు దాకా నడిచింది. అందరం పెరట్లోనే ఉన్నాం. వరస నేనే నిలబెట్టాను.

పక్కింటి అప్పన్న, బావతో ఒకే పడవలో వేటకెళ్లినవాడు, తడిసిన వలలు భుజానేసుకుని వెనక మెట్లెక్కాడు. చూసినవాళ్లు చూశారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. మా వేటవాళ్లలో వల ఆరబెట్టడానికి ఎవరి మేడనీ అడగరు. అడిగితే పరాయివాళ్లని చూసినట్టు. ఒడ్డంతా బురద, ఎక్కడా పొడి ఇసక లేదు. పలకలు నల్లగా వెచ్చగా ఉన్నాయి. మూడు వలలూ వాటి మీద పరిచి దిగిపోయాడు.

ఒంటిగంటకి మేనకోడలు అరిచింది.

"మావయ్యా! ఎండ మాడిపోతన్నాది, ఇక్కడ అంకె లెగట్లేదు!"

పైకెక్కాను. వలలు లాగి పడేశాను. చప్పుడుకి అప్పన్న వచ్చాడు.

"ఎచ్చగున్నాయి కదా, బేగి ఆరతాయనుకున్నాను. ఏటైనాదేట్రా?"

చెప్పాను. తువ్వాలు తీసి పలకల మీద తడి తుడిచాడు.

మూడున్నరకి దక్షిణం నుంచి మబ్బు కమ్మింది. అది మా ముగ్గురి లెక్కలోనూ లేదు. వలలు లేకపోతే మబ్బొచ్చినా పరవాలేకపోయేది, రెండుకే నిండి ఉండేది. అయిదుకి బ్యాటరీ ముప్పావు వంతు. పదిన్నర గంటలు. తెల్లవారుజామున మూడున్నర దాకా.

అప్పన్న సిలిండరు కోసం నడిచి బయల్దేరాడు.

"ఇప్పుడు మాటాడతన్నాను కదా, మిషన్ కట్టీండి," అన్నాడు బావ. "పడుకున్నాక మల్లీ ఎద్దురు గాని." కట్టాం. ఇరవై నిమిషాలకి పెదాలు నల్లబడ్డాయి. మళ్లీ వేశాం.

రాత్రి సంగతి రాయను. మూడూ యాభైకి మిషన్ ఆగింది.

బావని లేపి నా ఛాతీకి ఆనించి కూర్చోబెట్టాను. కిటికీ తెల్లబడింది.

"తెల్లారిందేటి?"

"తెల్లారింది. మబ్బు లేదు. ఏడుకి మిషన్ లెగుస్తాది."

"ఏడుకా?"

"ఏడుకే."

"మిలట్రీవోడివి... సూర్యుణ్ణి రెండు తన్ని లేపరాదేట్రా."

తర్వాత మాట లేదు. ఆరుంపావుకి నా ఛాతీ మీద బరువు మారింది. పడుకోబెట్టాను. అప్పకి చెప్పాను. మేనకోడలు గోడ వైపు తిరిగింది.

ఆరూ నలభైకి ఎండ పలకల మీద పడింది. ఏడూ అయిదుకి ఇన్వర్టరు టిక్కుమంది. మిషన్ నడిచింది. ఎండ లెక్క తప్పలేదు.

ఎనిమిదికి అప్పన్న సిలిండరు భుజాన మోసుకొచ్చాడు.

శుక్రవారం నేను గరివిడి వచ్చేశాను. అక్కడెలాగుందని ఇంట్లో అడిగారు. దారి బాలేదన్నాను. స్నానం చేశాను, అన్నం తిన్నాను, పడుకున్నాను.

ఒకటి మాత్రం పోదు. గొట్టం ఎవరూ తియ్యలేదు. మిషన్ నడవగానే ఆ గాలికి బావ మీసం కదిలింది.

"ఊపిరి తీస్తన్నాడ్రా తమ్ముడూ, సూడు," అంది అప్ప.

చూశాను. మీసమే. ఆ మాట నేను అనలేదు. మిషన్ కూడా కట్టలేదు. చాలాసేపు కదులుతూనే ఉంది.

ఆ గురువారం ఆ ఇంట్లో ఉన్నవాళ్లం. బావ పోలయ్య. అప్ప నూకమ్మ. మేనకోడలు గౌరి. నేను, ఎర్రయ్య. గుమ్మంలో, సిలిండరు దించకుండా నిలబడి, అప్పన్న.