వస్తానని చెప్పి వచ్చేసింది

టైలరమ్మ ఎవరింటికి వెళ్ళినా, తిరిగి బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి "వస్తాను" అనందే చెప్పుల్లో కాళ్ళు పెట్టదు. "పోతాను" అన్న మాట ఆమె నోట విన్నవాళ్ళు లేరు. శుభమా అని బయల్దేరుతూ పోతానేమిటి, పాడు మాట! ఇందులో వింతేముంది, మేమూ అంతేగా అంటారా? అంతే మరి. అందుకే ఆవిడ కొంప ఎలా మునగబోయిందో మీకు ఇట్టే అర్థమవుతుంది. ఆవిడ కొత్తగా వెళ్ళిన ఆ పరాయి దేశం వాళ్ళకే అర్థం కాలేదు.

ఆవిడ అక్కడికి వచ్చి రెండు నెలలు దాటింది. మొగుడు అంతకు నాలుగేళ్ళ ముందే వచ్చి రొట్టెల కార్ఖానాలో కుదురుకున్నాడు. ఆ నాలుగేళ్ళూ ఇద్దరూ ఫోన్లోనే మొహాలు చూసుకుంటూ గడిపారు. ఇప్పుడు ఒక గది, ఒక పొయ్యి, కిటికీ పక్కన ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీ కోసం పోట్లాడుకోవడం కూడా ఇద్దరికీ ముద్దుగానే ఉంది. అయితే ఒక మెలిక ఉంది. ఇరవయ్యో తారీకులోగా ఈవిడకీ ఉద్యోగం దొరికినట్టు ఒక యజమాని రాసిచ్చిన ఉత్తరం తీసుకెళ్ళి ఆఫీసులో చూపించాలి. చూపించకపోతే ఆవిడ ఒక్కతే వెనక్కి వెళ్ళిపోవాలి. మళ్ళీ ఎన్నేళ్ళకు కలుస్తారో చెప్పగలిగేవాళ్ళు లేరు.

పని రాదా అంటే, పద్దెనిమిదేళ్ళు మిషను తొక్కిన మనిషి. మామూలు టైలరు అనుకునేరు! మామూలు టైలర్ల సంగతి మనకు తెలియందా? రేపు ఇస్తానంటారు, ఆ రేపు ఏ నెలలో వస్తుందో దేవుడికే ఎరుక. పెళ్ళయ్యాక పెళ్ళి జాకెట్టు చేతికిచ్చిన మహానుభావులున్నారు. ఈవిడ మాత్రం శుక్రవారం అంటే శుక్రవారమే. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా హుక్కులు కుట్టి ఇచ్చింది. తన పనితనం కంటే తన మాట గురించే ఆవిడకు ఎక్కువ గర్వం.

చిక్కంతా భాష దగ్గరే వచ్చింది. ఆమె ఆడపడుచు పదకొండేళ్ళుగా అక్కడే ఉంటోంది, ఆసుపత్రి వంటింట్లో పని. ఆ పిల్ల ఒక కాగితం మీద పది వాక్యాలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చి బట్టీ పట్టించింది. నాకు కుట్టుపని వచ్చు. పద్దెనిమిదేళ్ళ అనుభవం. పని ఉందా? బాగున్నాను, ధన్యవాదాలు. ఇలాంటివి. అన్నీ రాసింది గానీ, సెలవు తీసుకునే మాట రాయడం మరిచిపోయింది. చెప్పాపెట్టకుండా లేచి వచ్చేయడం ఏం మర్యాద? అందుకని టైలరమ్మ ఫోన్ చేసి, "అమ్మాయ్, 'వస్తాను' అనడానికి ఏమంటారు? అలాగే 'ఉంటాను' అనడానికి?" అని అడిగింది. ఆడపడుచు ఒక చేత్తో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ రెండూ చెప్పేసింది. ఎందుకని అడగలేదు.

ఇక తిరుగుడు మొదలైంది. కర్టెన్ల కొట్టులో పని లేదన్నారు. టైలరమ్మ నవ్వుతూ "వస్తాను" అంది. కొట్టావిడ కంగారుపడి, రెండు చేతులూ అడ్డంగా ఊపి "వద్దు, రావద్దు!" అంది. పరుపుల కొట్టు ముసలాయన అయితే "ఎప్పుడు?" అని అడిగాడు. ఎప్పుడేమిటి, నా మొహం, ఇప్పుడేగా బయల్దేరుతుంట అనుకుని తల ఊపి వచ్చేసింది. ఇదెక్కడి మర్యాదో, వస్తానంటే వీళ్ళకి అంత కంగారెందుకో ఆవిడకు అంతుపట్టలేదు.

తొమ్మిదో తారీకున ఒక మీసాలాయన కొట్టుకు వెళ్ళింది. బట్టలు సరిచేసి ఇచ్చే ఇరుకు కొట్టు. గోడ నిండా దారపు రీళ్ళు, తడి ఉన్ని వాసన, రెండు మిషన్లు. రెండో మిషను దగ్గర నెలలు నిండిన అమ్మాయి ఆయాసపడుతూ కుడుతోంది. మీసాలాయన ఈవిడ కాగితం వాక్యాలు విని, దాని అడుగున ఉన్న ఫోన్ నంబరు రాసుకుని, మందపాటి కోటు ఒకటి చేతికిచ్చి, ఊడిపోయిన జిప్పు చూపించాడు. టైలరమ్మ పాత కుట్టు విప్పి, కొత్త జిప్పు టాకా వేసి, అరగంటలో కుట్టేసింది. ఆయన కోటు లోపలి వైపు తిరగేసి, కుట్టు వెంట గోరు నడిపించి చూశాడు. పని తెలిసిన మనిషి ఎప్పుడూ లోపలి వైపే చూస్తాడు. అది చూసి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆయన గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్పాడు. చెబుతూనే గుమ్మం దాకా వచ్చాడు, తలుపు తీసి పట్టుకున్నాడు. అంత మాటల్లోనూ, ఈ రెండు నెలల్లో విని విని తెలిసినది ఆవిడ చెవికి ఆనింది ఒక్కటే, "రండి." మన దగ్గర లేదని చెప్పేవాళ్ళు కూడా అలాగే కదూ సాగనంపేది! మంచిదమ్మా, వెళ్ళి రండి అని. ఇక్కడా పని లేదన్నమాటే అనుకుంది. అయినా మర్యాద తప్పకుండా "వస్తాను" అంది. ఆయన తృప్తిగా తలాడించి తలుపు వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక మొగుడు అడిగాడు, "ఏమన్నాడు?"

"పెద్దమనిషండీ. గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపాడు. పని మాత్రం లేదట."

"లేదన్నాడా?"

"ఉంటే ఎందుకు సాగనంపుతాడు, మీరు మరీను!"

మర్నాడు పొద్దున్న మొగుడు కార్ఖానాకు వెళ్ళాక, ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది. ఎత్తితే మగగొంతు, ఏదో గడగడా అడుగుతోంది. టైలరమ్మ బట్టీ పట్టినవాటిలో నోటికొచ్చింది అప్పజెప్పింది, "బాగున్నాను, ధన్యవాదాలు." అవతలి గొంతు ఇంకోసారి అడిగింది, ఈసారి కాస్త గట్టిగా. ఎవరో రాంగ్ నంబరు పాపం అనుకుని, ఫోన్ పెట్టేముందు మనం అనే మాటే ఆవిడా అంది, "ఉంటాను." పెట్టేసింది. ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. నాలుగో రోజు నుంచి మోగలేదు.

ఆ తర్వాత వారం ఎలా గడిచిందో అడక్కండి. కాళ్ళరిగేలా తిరిగింది. ఒకచోట నవ్వారు, ఒకచోట పోలీసులను పిలుస్తామన్నారు కాబోలు, మాట అర్థం కాలేదు గానీ వేలు చూపిన తీరు అర్థమైంది. పదిహేడో తారీకున మొగుడు అటక మీంచి సూట్‌కేసు దించాడు. ఇద్దరూ దాని వంక చూడకుండానే అన్నం తిన్నారు. ఆ రోజు కుర్చీ కోసం ఎవరూ పోట్లాడలేదు.

పంతొమ్మిదిన ఆడపడుచుకు సెలవు. వచ్చీ రాగానే ఎక్కడెక్కడికి వెళ్ళావో చెప్పమని కూర్చుంది. మాటల మధ్య వదిన ఫోన్ తీసి చూసి, "వదినా, ఈ నంబరేంటి? మూడు రోజులు వరసగా చేశారు?" అంది.

"ఎవరో పిచ్చివాడే. రోజూ అదే వేళకి చేసేవాడు."

ఆ పిల్ల ఆ నంబరుకు కలిపింది. అవతల నుంచి వచ్చిన అరుపులు టైలరమ్మకు కూడా వినిపించాయి. ఆడపడుచు మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. ఫోన్ పెట్టి నెత్తి కొట్టుకుంది.

"వదినా! ఆ మీసాలాయన మర్నాడు ఎనిమిదింటికి పనిలోకి రమ్మన్నాడట! నువ్వేం చెప్పావు?"

"ఏం చెబుతాను? వస్తానని చెప్పి వచ్చేశాను."

"వస్తానని చెప్పి ఎందుకొచ్చేశావు?"

"చెప్పకుండా ఎలా వస్తానే!"

ఆడపడుచు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. "ఆయన రావట్లేదేమని ఫోన్ చేస్తే, బాగున్నాను, ఇంట్లోనే ఉంటాను అన్నావట. మూడుసార్లు! లే, పద పద."

కొట్టులో మీసాలాయన ఒంటికాలి మీద లేచాడు. హేంగర్ల నిండా బట్టలు వేలాడుతున్నాయి, రెండో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆడపడుచు చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చింది, మా వైపు వెళ్ళేటప్పుడు వస్తానంటామండీ, ఫోన్ పెట్టేసేటప్పుడు ఉంటానంటామండీ అని. ఆయన అనుమానంగా చూశాడు. వెళ్ళేవాళ్ళు వస్తానని, ఉండనివాళ్ళు ఉంటానని అంటారా? నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా?

"ఏమంటున్నాడే?" అంది టైలరమ్మ.

ఆడపడుచు నీళ్ళు నమిలింది. "మాట మీద నిలబడని మనిషికి ఉత్తరం రాసివ్వను, వెళ్ళమంటున్నాడు."

అప్పటిదాకా అయోమయంగా నిలబడ్డ మనిషికి ఆ ఒక్క మాట మాత్రం సూటిగా తగిలింది. తను! శుక్రవారమంటే శుక్రవారం ఇచ్చిన తను! ఉత్తరం సంగతి, రేపటి ఆఫీసు సంగతి ఒక్క క్షణం మరిచిపోయింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"అమ్మాయ్, వెళ్ళను అనడానికి ఏమంటారు?"

ఆడపడుచు చెప్పింది. టైలరమ్మ ఆయన మొహంలోకి చూసి, ఒత్తి పలికింది, "నేను వెళ్ళను." చెప్పి, రెండో మిషను మీది గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. హేంగరు మీంచి మొదటి ప్యాంటు అందుకుంది. చీటీ మీద రాసింది చదవడం రాదు. సుద్దగీత మాత్రం ఏ దేశంలోనైనా సుద్దగీతే. మడత పెట్టి కుట్టడం మొదలుపెట్టింది.

మీసాలాయన ఆపడానికి ఒక అడుగు ముందుకేసి, ఆవిడ మడత పెట్టిన తీరు చూసి తన మిషను దగ్గరకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నమంతా మిషను చప్పుడే. ఆడపడుచు గోడకు ఆనుకుని నిలబడి నిలబడి, చివరికి ఇస్త్రీ పెట్టె పట్టుకుంది. నాలుగు ప్యాంట్లు, రెండు గౌన్లు, ఒక జిప్పు అయ్యాయి. ఆయన ఒక్కొక్కటే తీసుకుని, లోపలి వైపు తిరగేసి, గోరు నడిపించి చూసి, మళ్ళీ హేంగరుకు తగిలించాడు. టైలరమ్మకు అది మెచ్చుకోలో, తిట్టో అర్థం కాలేదు. తలెత్తి చూడటానికి కూడా భయం వేసింది.

సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ఆయన బల్ల దగ్గర కూర్చుని ఏదో రాశాడు. ముద్ర వేసి తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టాడు. ఆమె చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "తారీకు తప్పు పడిందండీ. పనిలో చేరింది తొమ్మిదో తారీకు అని రాశారు. ఇవాళ పంతొమ్మిది."

"తప్పేం లేదు," అన్నాడు మీసాలాయన. "ఆ రోజు కోటుకి జిప్పు వేసింది ఎవరు? ఆ కోటు గిరాకీ తీసుకెళ్ళిపోయాడు కూడా. నేను రమ్మన్నాను, ఈమె వస్తానంది. ఉద్యోగమంటే ఇంకేం కావాలి?"

ఆడపడుచు ముక్కముక్కా తెలుగులో చెప్పింది. టైలరమ్మ ముందు ఉత్తరం వంక, తర్వాత మీసాలాయన వంక, తర్వాత మళ్ళీ ఉత్తరం వంక చూసింది.

"అంటే, ఆ రోజు నుంచే నాకు ఉద్యోగం ఉందా?"

"ఉందట వదినా."

"ఓసి నా మొహం మండా!" అంది టైలరమ్మ, కొంగుతో మొహం కప్పుకుని అక్కడే స్టూలు మీద కూలబడి. "ఉద్యోగం ఉన్నదాన్ని, పది రోజులు ఊరంతా తిరిగి ఉద్యోగం అడుక్కున్నానా!"