చేపల పులుసు నేర్పిన మలయాళం

మా కాబోయే కోడలు మలయాళీ. ఆమెతో నాలుగు మాటలు మాట్లాడాలని, మా పై వాటాలో ఉండే కేరళ నర్సు జిన్సీతో ఒప్పందం చేసుకున్నాను. ఆదివారం పూట మా నాచారం ఇంటి డాబా మీద అరగంట తెలుగు, అరగంట మలయాళం. కొంతకాలంగా "తిన్నారా, ఎండ బాగా ఉంది" దగ్గరే బండి ఆగిపోయింది. ఇక మానేద్దామని చెప్పడానికే ఈ రోజు పైకి వెళ్లాను. ఉత్త చేతులతో వెళ్లడం ఎందుకని డబ్బాలో చేపల పులుసు పట్టుకెళ్లాను.

జిన్సీ ఒక ముక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఏంది ఆంటీ, గిట్ల జేసిన్రు? అంత చింతపండే! చేపకు జర మాట్లాడే చాన్స్ ఇయ్యరా?"

నేర్పింది నేనే కదా, నా యాసలోనే దులిపింది! నేనూరుకుంటానా? "కొబ్బరిపాలు పోసి చేపకు పాయసం జేస్తరు మీరు! గది కూరనా?" అని వచ్చీరాని మలయాళంలోనే చురక అంటించాను.

భాష మార్చాలని ఫోన్లో అలారం మోగినా ఇద్దరం పట్టించుకోలేదు. ఆమె తెలుగులో, నేను మలయాళంలో. మాట తగలాలంటే అవతలివాళ్ల భాషలోనే అనాలి కదా! చీకటి పడేదాకా సాగింది. మానేద్దామన్న సంగతే మరిచిపోయాను.

ఇందాకే జిన్సీ గిన్నెడు చేపల కూర పంపింది, కొబ్బరిపాలు పోసిందే. గిన్నె ఊడ్చేశాను. తీరా చూస్తే, దెప్పడానికి తప్ప మెచ్చుకోవడానికి మలయాళంలో ఒక్క ముక్కా రాదు నాకు. మీలో ఎవరికైనా వస్తే కింద రాయండి. కోడలు వచ్చేలోపు ఆ మాటలు కూడా నేర్చుకోవాలి.