శుక్రవారం పాదాలు

రెండేళ్లుగా మా ఆయన ముఖం ఫోన్‌లో చూస్తున్నాను గానీ పాదాలు చూడలేదు. వీడియో కాల్‌లో పాదాలెవరు చూపించుకుంటారు? కాలు నొప్పి, కాలు నొప్పి అని చెప్పి చెప్పి, ఒక శుక్రవారం సెలవునాడు ఫోన్ కిందికి తిప్పి "గిదో సూడు" అన్నాడు. చూశాను. తెల్లగా, మెత్తగా, వేళ్లన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని ఉన్నాయి. అవి ఆయన కాళ్లు కావనిపించింది.

నాకు తెలిసిన పాదాలు వేరు. వేములవాడ పక్కన మా ఊళ్లో, నాట్లకు దున్ని బురద చేసిన కరిగెటలో దిగితే ఆ వేళ్లు విప్పారి నేలను పట్టుకునేవి. ఎండాకాలం మడమలు పగిలేవి, పగుళ్లలోని మన్ను ఎంత కడిగినా పోయేది కాదు. ఉతికిన దుప్పటి మీద ఆ కాళ్లు పెడితే ఇల్లెగిరిపోయేలా తిట్టేదాన్ని. ఇప్పుడు దుప్పటి ఎన్ని రోజులైనా మాయదు. మాయకపోతే నాకేం బాగుంటుంది?

గల్ఫ్‌లో ఆయనది గోదాములో పని. పొద్దంతా సిమెంటు నేల మీద, ముందు ఇనుము పెట్టిన బూట్లలో నిలబడాలి. నేలను పట్టే పనంతా బూటే చేస్తుంటే పాదంలోని చిన్న చిన్న కండరాలు పని మరిచిపోయాయని, నడిమి వంపు కూలిందని, అందుకే నొప్పి అని అక్కడి ఫిజియోథెరపీ డాక్టరు చెప్పాడట. మందు కన్నా కసరత్తు ముఖ్యమన్నాడట. నేల మీద తువ్వాల పరిచి కాలి వేళ్లతో దగ్గరికి లాక్కోవాలి. గోటీలను, అదే పిల్లలాడే గోళీలను, వేళ్లతో ఎత్తి గిన్నెలో వేయాలి. వేళ్లు ముడవకుండా, మడమ లేపకుండా, పాదం నడుమను మాత్రం పైకి లాగి పట్టాలి.

"రూముల అందరు నవ్వుతున్నరే. గీ వయసుల గోటీలాడుతుండు అని," అన్నాడు.

"నవ్వనియ్. పండ్లు వాళ్లయి, కాలు నీది," అన్నాను.

అయినా చేయడు. మా ఆయన బద్ధకం నాకు తెలియనిదా? చివరికి ఫోన్ గోడకు ఆనించి కింద పెట్టాను. "నేను గూడ చేస్త, సూసుకుంట చెయ్యి" అన్నాను.

అలా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అక్కడ ఆయన పాదాలు, ఇక్కడ నావి. నాకది పెద్ద పని కాదు. బీడీలు చుట్టేటప్పుడు ఒళ్లో చాట, చేతుల్లో ఆకు ఉంటాయి. కత్తెర జారిపడితే ఎవరు లేస్తారు? కాలి వేళ్లతోనే ఇటు లాక్కుంటాం. నా గోటీలు గిన్నెలో టపటపా పడుతుంటే "నీయి కాళ్లా, చేతులా?" అని ఆయన ఉడుక్కునేవాడు.

ముఖం కనిపించకపోతే మనిషి ఎక్కువ మాట్లాడతాడని అప్పుడే తెలిసింది. ముఖం చూస్తూ "మంచిగనే ఉన్న" అని ముగించే మనిషి, తువ్వాల లాగుతూ అన్నీ చెప్పేవాడు. "నాట్లు పడ్డయా? కరిగెట్ల దిగక ఎన్నొద్దులాయెనే," అన్నాడొకసారి. నేను గిన్నెలోని గోటీలు మళ్లీ నేల మీద పోసుకున్నాను.

ఒక శుక్రవారం ఇంకో మాట చెప్పాడు. వీసా గడువులోపు కాలు బాగుపడకపోతే కంపెనీ ఇంటికి పంపేస్తుందట. "అయితే రా" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. కరీంనగర్‌లో బిడ్డ నర్సింగు చదువుతోంది, అది అయ్యేదాకా ఉంటానని ఆయన పట్టుదల. కాలు గట్టిపడితే ఆయన అక్కడే ఉంటాడు, గట్టిపడకపోతే కుంటుకుంటూ నా దగ్గరికొస్తాడు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఆ రోజు ఆయన తువ్వాల సగమే లాగగలిగాడు. నాకు సంతోషమైంది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

తర్వాత ఒంటికాలి మీద నిలబడబోయి "అబ్బా" అని గోడ పట్టుకున్నాడు. వేములవాడ రాజన్న గుడి ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించాను. "రాజన్నా, కాలు బాగైతే కోడెను కడతం. ఆయనే ఉత్తకాళ్లతోటి నీ గుడి సుట్టు తిప్పుతడు." మొక్కున్నవాళ్లు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయడం మా దగ్గర ఆనవాయితీ.

పక్కనే కూర్చున్న మా అత్త తల కొట్టుకుంది. "కాలు బాగైతె అని మొక్కితివి, ఇంటికస్తె అని మొక్కకపోతివి. అడగంది అవ్వయినా పెట్టదు బిడ్డా, దేవుడేం జేస్తడు?"

దేవుడు అడిగినంతే ఇచ్చాడు. కోతలు మొదలయ్యేసరికి ఆయన పాదంలో వంపు తేలింది. ఫోన్ ముందు ఏ ఆసరా లేకుండా ఒంటికాలి మీద నిలబడి "సూసినవా!" అని మురిసిపోయాడు. కాలు దించి, "వీసా ఇంకో రెండేండ్లు కొట్టిండ్రు" అన్నాడు.

"మంచిదే," అన్నాను. ఇంకేమనాలి?

"నా పేరు మీద నువ్వే కోడె కట్టు. దేవునికి మొక్కు బాకీ ఉండద్దు."

"నేను కట్టనంటె కట్ట."

"ఏందే?"

"నీ కాళ్లతోటి తిరుగుతవని మొక్కిన. నువ్వే అచ్చి తిరుగు."

మొక్కు తీర్చిరమ్మని అత్త పొద్దున లేస్తే పోరుతోంది. దేవుడికి కోపమొస్తుందని భయపెడుతోంది. రానీ. నేను మాత్రం కదలను. రమ్మని ఆయనను నేను అడగలేకపోయాను. బాకీ రావాల్సింది దేవుడికి కదా, ఇక ఆ దేవుడే అడగాలి.